ఇంగ్లిష్ క్లాసులో పిల్లల నోరు విప్పించిన పంక్చర్

తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నానని రాశారు. స్టిక్కర్లు ఇచ్చారు, పాయింట్ల పట్టిక గోడకు అంటించారు, ఆటలు ఆడించారు. రెండు వారాలు సందడిగా ఉండి క్లాసు మళ్ళీ మూగబోయింది. చివరి బెంచీలో ఒక అమ్మాయి స్నేహితులతో గలగలా మాట్లాడుతుంది కానీ ఇంగ్లిష్ పీరియడ్‌లో తల ఎత్తదు. వీళ్ళలో ఆసక్తి పుట్టించడం ఎలా అని మీ ప్రశ్న. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, సూటిగా చెబుతాను. ముందు ఆ పట్టిక తీసేయండి.

మార్క్ లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేసి, 1973లో దాని ఫలితాలు ప్రచురించారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టి వేయించారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, ఖాళీ సమయంలో బొమ్మల జోలికి తక్కువగా వెళ్ళింది ఆ పిల్లలే. ఇష్టమైన పనికే ఆ గతి పడితే, భయపడే పనికి స్టిక్కర్ ఏం సాయం చేస్తుంది? ఇంగ్లిష్ మాట్లాడటం పిల్లలకు భయం. తప్పు పలికితే నలుగురూ నవ్వుతారు, టీచర్ మధ్యలో ఆపి సరిచేస్తుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, వాళ్ళు ఏం చెబుతున్నారో ఎవరికీ అక్కర్లేదు. ఎలా చెబుతున్నారన్నదే అందరూ చూస్తారు. అలాంటి చోట పెద్దవాళ్ళం మనమైనా నోరు విప్పుతామా?

నాకు ఈ సంగతి నేర్పింది ఒక కుర్రాడు. జూన్ నుంచి నవంబరు దాకా నా క్లాసులో ఒక్క ఇంగ్లిష్ వాక్యం మాట్లాడలేదు. ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు, చేతులకు నల్లటి మరకలు. ఎందుకు ఆలస్యమని అడిగితే, దారిలో స్నేహితుడి సైకిల్ పంక్చరైతే తనే వేశానన్నాడు. ఆరోజు పాఠం కాగితం తయారీ గురించి. నాకే చెప్పబుద్ధి కావడం లేదు. పుస్తకం మూసేసి, "పంక్చర్ ఎలా వేస్తారో నాకు నిజంగా తెలియదు, వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పు" అన్నాను.

కాసేపు నేల చూశాడు. నేను ఆగాను. తర్వాత మెల్లగా, "ట్యూబ్ ఔట్. వాటర్ పుట్. బబుల్ కమింగ్. దేర్ హోల్" అన్నాడు.

సరిచేద్దామని నోరు తెరిచాను. ఈలోగా ముందు బెంచీలోంచి, ఎప్పుడూ మంచి మార్కులు తెచ్చుకునే అమ్మాయి "వాటర్ వై?" అంది. ఆ ప్రశ్నలోనూ వ్యాకరణం లేదు, అయినా ఎవరూ నవ్వలేదు. అందరికీ జవాబు కావాలి. చెప్పాడు. సొల్యూషన్ రాసిన వెంటనే ప్యాచ్ ఎందుకు అంటించకూడదని ఇంకొకడు అడిగాడు. "వెట్, నో స్టిక్. వెయిట్" అన్నాడు. "హౌ మెనీ మినిట్స్?" అని వెనకనుంచి ఇంకో గొంతు. అలా సగం పీరియడ్ గడిచిపోయింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

మధ్యలో వాడే ఆగి, "టీచర్, గరుకు కాగితంతో రుద్దుతాం కదా, ఆ రుద్దడాన్ని ఏమంటారు?" అని అడిగాడు. 'రబ్' అని బోర్డు మీద రాశాను. ఆ మాటను మూడు నెలల ముందే పదాల పట్టికలో పెట్టి పదిసార్లు రాయించాను, ఒక్కడికీ గుర్తు లేదు. ఆరోజు వాడికి అవసరం పడింది, అడిగి తీసుకున్నాడు. మళ్ళీ మర్చిపోలేదు.

మర్నాడు అదే విషయం అర పేజీ రాసుకొచ్చాడు, నేను చెప్పకుండానే. తప్పులు చాలా ఉన్నాయి. ఒక్కదాన్నే దిద్ది, కింద ఒక ప్రశ్న రాశాను: రంధ్రం వాల్వ్ దగ్గరుంటే ఏం చేస్తావు? దానికి జవాబు రాశాడు. ఏడాది చివరిదాకా ఆ నోటుబుక్ మా ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది. పరీక్షలో మార్కులు పెద్దగా పెరగలేదు. మార్కుల కోసమే అడిగి ఉంటే నా జవాబు మీకు పనికిరాదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక బడిలో మాతృభాషలో మాట్లాడితే ఫైన్ వేసేవాళ్ళు. అలా చేస్తే పిల్లలు ఇంగ్లిష్‌లోకి మారతారని పెద్దల నమ్మకం. మారలేదు, మాట్లాడటమే మానేశారు. ఆ కుర్రాడు రుద్దడం గురించి తన భాషలో అడగకూడదని అంటే ఆ మాట వాడికి ఎప్పటికి వచ్చేది? పాఠ్యపుస్తకాల్లో సంభాషణలైతే మరీ అన్యాయం. పోస్టాఫీసు ఎక్కడ, ఎడమవైపు తిరగండి. అడిగేవాడికీ చెప్పేవాడికీ జవాబు ముందే తెలుసు. తెలిసిన జవాబు కోసం ఎవరు నోరు నొప్పి పెట్టుకుంటారు? ట్రైనింగ్‌లకు వెళ్తే క్లాసు సరదాగా ఉండాలని చెప్పి పంపిస్తారు. పంక్చర్ వేయడంలో సరదా ఏముంది? తెలుసుకోవాలన్న కోరిక ఉంది, అంతే.

మీ క్లాసులో ఏం చేయాలంటే, ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్లో గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. అది సొంత భాషలో సంగతి. పరాయి భాషలో నేనైతే మనసులో పది లెక్కపెడతాను. ఆ మౌనం టెన్షన్‌గానే ఉంటుంది, ఓర్చుకోండి. వాక్యం పూర్తయ్యేదాకా ఏ తప్పూ దిద్దకండి. పూర్తయ్యాక కూడా ముందు వాళ్ళు చెప్పిన విషయానికి బదులివ్వండి. మీకు నిజంగా జవాబు తెలియనివే అడగండి.

ఇక ఆ చివరి బెంచీ అమ్మాయి. స్నేహితులతో దేని గురించి అంతసేపు మాట్లాడుతుందో కనుక్కోండి. క్లాసులో అందరి ముందూ వద్దు, బయట, ఆమె భాషలోనే అడగండి. అందులో మీకు తెలియనిది ఒకటి ఉంటుంది. దాన్ని నోటుబుక్‌లో ప్రశ్నగా రాసి ఇచ్చి, ఒక వారం ఆగండి.