పేపరు బిల్లు ఎవరు కడుతున్నట్టు?

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో దినపత్రికల గురించి, అంతర్జాలం వచ్చాక వాటి పరిస్థితి గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో కొన్నేళ్లు ఉపసంపాదకుడిగా పనిచేసినవాణ్ని కాబట్టి, ఈసారి పేజీని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో నలభై ఏళ్లుగా ఒకే పేపరు వేయించుకుంటున్నాం. ఆ పత్రిక వెబ్‌సైట్‌లో వార్తలు ఉచితంగానే కనిపిస్తున్నాయి గానీ, ఇ-పేపరు చూడాలంటే చందా కట్టమంటున్నారు. కాగితం లేదు, సిరా లేదు, పేపరు వేసే అబ్బాయి లేడు. మరి డబ్బు దేనికండీ? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: నలభై ఏళ్లుగా మీరు నెలనెలా కట్టిన బిల్లుతోనే ఆ పత్రిక నడిచిందని మీరు అనుకుంటున్నారు. ఏజెంటు కమిషన్ పోగా పత్రిక చేతికి వచ్చేది, చాలాసార్లు, ఆ కాపీకి పట్టిన కాగితం ఖరీదుకు కూడా సరిపోయేది కాదు. ఆ లోటును పూడ్చినవాడు ప్రకటనదారు. పెళ్లి సంబంధం కావలసినవారు, ఇల్లు అద్దెకిచ్చేవారు, పాత స్కూటరు అమ్ముకునేవారు, గుమాస్తా కోసం చూసే దుకాణదారు ఇచ్చిన చిన్న చిన్న వరుస ప్రకటనలు కలిసి పత్రికకు పెద్ద ఆదాయం అయ్యేవి. ఇప్పుడు పెళ్లి సంబంధాలకు ఒక సైటు, ఉద్యోగాలకు మరొకటి, పాత సామాన్లకు ఇంకొకటి వచ్చేశాయి. అంతర్జాలంలో వచ్చే ప్రకటనల సొమ్ములోనూ పెద్ద వాటా గూగుల్, ఫేస్‌బుక్ వంటి సంస్థలకే పోతున్నది. తమ వార్తల వల్ల గూగుల్‌కు వచ్చే ఆదాయంలో న్యాయమైన వాటా దక్కడం లేదని మన దేశపు డిజిటల్ వార్తాప్రచురణకర్తల సంఘం ఫిర్యాదు చేయగా, మార్కెట్లో పోటీ న్యాయంగా సాగుతున్నదో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో విచారణకు ఆదేశించింది కూడా.

కాగితం ఖర్చు తప్పినా వార్త సేకరించే మనిషి ఖర్చు తప్పదు. తెలుగు పత్రికల విషయంలో ఆ మనిషి ఎక్కువగా మండలంలోనే ఉంటాడు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను తెచ్చిన తరువాత, తక్కిన పత్రికలు కూడా అదే బాట పట్టాయి. ఆ పేజీలను నింపడానికి ఊరూరా విలేకరులు అవసరమయ్యారు. వారిలో చాలామందికి జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్త నిడివిని కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే వారి సంపాదన. నేను డెస్కులో చేరిన కొత్తలో సాయంత్రం నాలుగున్నరకు ఆర్టీసీ బస్టాండుకు ఒక కుర్రాడిని పంపేవాళ్లం. మండలాల నుంచి కండక్టర్ల చేతికిచ్చి పంపిన వార్తల కవర్లు అతను సంచినిండా తెచ్చేవాడు. వానకు తడిసిన కవరులోంచి చెరువు కట్ట తెగిన వార్తను, అతుక్కుపోయిన కాగితాలను విడదీస్తూ చదివిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. నేడు అదే విలేకరి వార్త, ఫొటో, వీడియో మూడూ ఫోనులోనే పంపుతున్నాడు. పని మూడింతలయింది గానీ, వెబ్‌సైట్‌లో అతని వార్తను కొలిచే లైనే లేదు. అక్కడ కొలత ఎంతమంది నొక్కి చూశారన్నది మాత్రమే. మీ మండలంలో తాగునీటి పైపు పగిలిన సంగతిని నొక్కి చూసేది మహా అయితే కొన్ని వందల మంది.

అందుకే మీ వెబ్‌సైట్ తొలి తెరమీద సినిమా, రాజకీయం, క్రికెట్ కనిపిస్తాయి. తెనాలి మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది. జిల్లాలో కొంత భాగానికే వేసే జోన్ పేజీ, జిల్లా పేజీ పొద్దున అచ్చయినట్టే పూర్తిగా దొరికేది ఇ-పేపరులో. చందా కట్టి మీరు కొంటున్నది ప్రధానంగా ఆ పేజీలనే. జిల్లా పేజీలను పలచబరచి, చందాను మాత్రం పెంచే పత్రిక మీకు ఎదురైతే, నిస్సంకోచంగా మానేయండి.

ఇతర దేశాల్లోనూ ఈ దారి ఒక్క రోజులో ఏర్పడలేదు. న్యూయార్క్ టైమ్స్ 2005లో కేవలం తన కాలమిస్టుల వ్యాసాలకు, పాత సంచికలకు రుసుము పెట్టి, రెండేళ్లకే ఆ ఏర్పాటును ఎత్తివేసింది. నెలకు కొన్ని వ్యాసాలు ఉచితం, ఆపైన చందా అనే పద్ధతిని 2011 మార్చిలో తెచ్చాకే నిలదొక్కుకుంది. 2023 చివరికి దాని చందాదారులు కోటి దాటారు. అయితే వారందరూ వార్తల కోసమే చేరారని అనుకోకూడదు. వంటల విభాగానికి, పదాల ఆటలకు ఆ సంస్థ విడిగా చందా వసూలు చేస్తుంది; వర్డిల్ అనే ఆటను 2022 జనవరిలో కొనుక్కున్నది కూడా. గళ్లనుడికట్టు కోసమే ఆదివారం పుస్తకాన్ని ముందుగా లాక్కునే తాతగారు ఉన్న ఇళ్లవారికి ఇది వింతగా తోచదు. స్కాట్ ట్రస్టు యాజమాన్యంలోని బ్రిటన్ పత్రిక గార్డియన్ మాత్రం అందరికీ ఉచితంగా ఉంచి, ఇష్టమైనవారిని విరాళం అడుగుతున్నది. ప్రపంచమంతా పాఠకులున్న ఇంగ్లీషు పత్రికకు సాగిన పద్ధతి తెలుగు పత్రికకు అంతే సులువుగా సాగుతుందని నేననుకోను.

ప్రశ్న: 2003లో మా ఊరి ఉన్నత పాఠశాల గురించి ఒక తెలుగు పత్రిక వెబ్‌సైట్‌లో వార్త వచ్చింది, అప్పుడు అమెరికాలో ఉండి చదివాను. ఇప్పుడు ఎన్ని విధాల వెతికినా కనబడటం లేదు. తొలగించి ఉంటారా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: తొలగించి ఉండవచ్చు. ఉన్నా కూడా వెతుకులాటకు దొరికే రూపంలో అది ఉండకపోవచ్చు. మన దేశంలో పత్రికలు అంతర్జాలంలోకి రావడం 1995లో ది హిందూతో మొదలైతే, తెలుగు పత్రికలకు అక్షరాల దగ్గరే చిక్కు వచ్చిపడింది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, సామాన్యుల కంప్యూటర్లలో అది పనిచేయడం విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటు తరువాత గాని వీలు కాలేదు. అంతవరకు ఒక్కో పత్రిక సొంత ఫాంటు పెట్టుకుంది. ఆ ఫాంటులో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు, తలకట్లు, ఒత్తులు కూర్చేవారు. కంటికి ‘పాఠశాల’ అని కనిపించేది, యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల పోగు. సెర్చ్ ఇంజను వెతికేది ఆ పోగునే కాబట్టి, మీరు తెలుగులో టైపు చేసిన మాట దానికి తగలదు.

ఫాంటు దిగుమతి చేసుకోకపోతే పేజీ అంతా గజిబిజిగా కనబడేది. కొన్ని పేజీలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకునేవి కావు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వాడేవారికి దానికి తగిలించుకునే ‘పద్మ’ అనే చిన్న ప్రోగ్రాము (పొడిగింపు) వచ్చి, ఆ సొంత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పత్రికలు చేయవలసిన పనిని పాఠకుల్లోని సాంకేతిక నిపుణులు చేసి పెట్టారని నేనంటే అతిశయోక్తి కాదు. మీవంటి విదేశాల్లోని పాఠకులకు ఆ రోజుల్లో ఒక వైభోగం కూడా ఉండేది: ఇక్కడ తెల్లవారుజామున ఐదింటికి పేపరు వాకిట్లో పడేసరికి మీకు ముందురోజు సాయంత్రమే. మా ఇంట్లోవాళ్లు కాఫీ తాగేలోపే అక్కడి బంధువులు ఫోను చేసి ఊళ్లో విశేషాలు చెప్పేవారు.

మీకు నేనిచ్చే సలహా ఒక్కటే. ఆ పత్రిక కార్యాలయానికి తేదీ, ఎడిషన్ పేరు రాసి పంపండి. అచ్చు ప్రతులను బైండు చేసి దాచుకునే అలవాటు పత్రికలకుంది. ఫాంటు మారినా బైండు మారదు.

ప్రశ్న: అచ్చులో మర్యాదగా శీర్షికలు పెట్టే పత్రికే వెబ్‌సైట్‌లో ‘ఏం జరిగిందంటే..’, ‘షాకవుతారు’ అని ఎందుకు రాస్తుంది? (ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: అచ్చు పేపరును మీరు ముందే కొనేశారు కాబట్టి శీర్షిక మీకు విషయం చెబితే చాలు. ‘ఘాట్‌లో బస్సు బోల్తా; 12 మందికి గాయాలు’ అని మా డెస్కులో రాస్తే, చదవకుండా పేజీ తిప్పినవారికి కూడా వార్త అందినట్టే. వెబ్‌లో మీరు పేజీ తెరిస్తేనే ప్రకటన లెక్కకు వస్తుంది కనుక, అదే వార్త ‘అర్ధరాత్రి ఘాట్ రోడ్డులో ఏం జరిగిందంటే..’ అవుతుంది. విషయాన్ని దాచడమే అక్కడ ఉపసంపాదకుడి నేర్పు అయింది. ఈ పద్ధతి నాకు ఏమాత్రం నచ్చదు. కానీ రాసే కుర్రవాణ్ని తిట్టి లాభం లేదు; అతని ఎదురుగా ఉన్న తెరమీద ఏ వార్తను ఎంతమంది చూస్తున్నారో అంకెలు నిమిషనిమిషానికీ కదులుతుంటాయి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే పేపర్ల పీడీఎఫ్‌లు పెడుతున్నారు. తప్పా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: చందా కట్టి తీసుకున్న ఇ-పేపరును పీడీఎఫ్‌గా మార్చి పంచడం కాపీరైటుకు విరుద్ధం. 2020లో హిందీ దినపత్రిక దైనిక్ జాగరణ్ ప్రచురణకర్తలు ఢిల్లీ హైకోర్టుకు వెళితే, ఆ ఇ-పేపరును పంచుతున్న టెలిగ్రామ్ చానళ్లను నిలిపివేయాలని కోర్టు ఆదేశించింది. ఒక వార్త లంకెను పంపడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: జర్నలిజం చదువుదామనుకుంటున్నాను. అచ్చు పత్రిక ఇంకెన్నాళ్లు ఉంటుందంటారు? (ఒక విద్యార్థి, నంద్యాల)

జవాబు: లండన్‌లోని ది ఇండిపెండెంట్ 2016 మార్చిలో అచ్చు మానేసి వెబ్‌సైట్‌గా మిగిలింది. ఇక్కడ అంత తొందరగా జరగకపోవచ్చునని నేననుకోవడానికి కారణం వార్తల్లో లేదు, చివరి పేజీల్లోని ప్రకటనల్లో ఉంది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్‌ను రెండు దినపత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. బకాయి పడిన ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నా స్థానిక భాషా పత్రికలో ప్రకటన తప్పనిసరి. ఇక శ్రద్ధాంజలి ప్రకటనల సంగతి: తండ్రిగారి ఫొటో ఫోను తెరమీద వచ్చిందంటే మనవాళ్లకు తృప్తి ఉండదు. మా వీధి ఏజెంటు దగ్గరకు ఆరింటికల్లా వచ్చి నాలుగైదు కాపీలు అదనంగా కొనుక్కునేవారు, ఈ రోజుల్లో కూడా, దాదాపు ఎప్పుడూ ఆ ఇళ్లవారే.