చిన్నా, చెల్లి యూజర్‌ని మాత్రం తీసేయకు

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాను. టీవీ మీద, నీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్)లో ఖాళీ చాలదని మెసేజ్, దాని కింద నీ ప్రశ్న: "అత్తా, చెల్లి యూజర్ తీసేస్తే సరిపోతుందా? అది ఎలాగూ ఆడట్లేదుగా." ఫోన్‌లో అయితే వద్దు అని ఒక్క మాట చెప్పి ఊరుకునేదాన్ని. కానీ ఎందుకు వద్దో తెలియకపోతే ఇవాళ కాకపోతే రేపైనా అదే పని చేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇది మొత్తం చదివేదాకా దేన్నీ డిలీట్ చేయకు.

సరిగ్గా ఈ తప్పే నేను చేశాను. అప్పుడు మా ఇంట్లో 500 జీబీ పీఎస్4 ఉండేది. మీ బావ ఇంజినీరింగ్‌కి హాస్టల్‌లో చేరాడు. బుజ్జి కొత్త గేమ్ తెచ్చుకుంటే చోటు లేదని కన్సోల్ అంది. మీ బావ ఇంట్లో లేడు కదా, వాడి యూజర్ (కన్సోల్‌లో వాడి పేరిట ఉన్న ఖాతా) ఎందుకు దండగ అనుకున్నాను. ఆ యూజర్‌కి సంబంధించినదంతా పోతుందని తెర మీద వచ్చింది. చదవకుండానే ఓకే నొక్కాను. సంక్రాంతికి వాడు వచ్చాడు, బ్యాగు కూడా సర్దుకోకుండా టీవీ ముందు కూర్చున్నాడు. మూడేళ్లుగా ఆడుతున్న క్రికెట్ కెరీర్ ఒకటి ఉండేది వాడికి. అండర్-19 నుంచి మొదలుపెట్టి కెప్టెన్ దాకా తెచ్చుకున్నాడు. గేమ్ తెరిస్తే "న్యూ కెరీర్" ఒక్కటే కనిపించింది. రెండుసార్లు మూసి తెరిచాడు. నేను వంటింట్లోంచి వచ్చి జరిగింది చెప్పాను. "పర్లేదులేమ్మా" అన్నాడు, రిమోట్ తీసి టీవీ కట్టేశాడు. ఆ సెలవుల్లో మళ్లీ దాని జోలికి పోలేదు.

ఇంత చేస్తే దొరికిన ఖాళీ ఎంతో తెలుసా? బుజ్జి గేమ్‌కి సరిపోనే లేదు. ఎందుకంటే గేమ్ అనేది ఇంటికంతటికీ ఒకటే కాపీ. ఎంతమంది యూజర్లు ఉన్నా కన్సోల్‌లో అది ఒక్కసారే ఉంటుంది. యూజర్‌ని తీసేస్తే పోయేది ఆ మనిషి ఆడిన ఆట, అంటే సేవ్‌లూ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్న ఫైళ్లు), వాళ్లు తీసుకున్న ఫొటోలూ వీడియోలూ. గేమ్ మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. మామూలుగా గేమ్ పదుల జీబీల్లో ఉంటే, దాని సేవ్ ఎంబీల్లో ఉంటుంది. గేమ్ పోతే మళ్లీ దించుకోవచ్చు. సేవ్ పోతే దాన్ని అమ్మేవాళ్లు ఎక్కడా ఉండరు.

ఇప్పుడు నీ కన్సోల్ సంగతి. నీది 2021లో మీ నాన్న కొన్న మొదటి మోడల్ పీఎస్5. డబ్బా మీద 825 జీబీ అని ఉంటుంది, నీకు వాడుకోవడానికి దొరికేది 667 జీబీ. మిగతాది సిస్టమ్ తన కోసం ఉంచుకుంటుంది. తర్వాత వచ్చిన స్లిమ్‌లో 1 టీబీ అంటారు, అందులోనూ చేతికి వచ్చేది 840 జీబీ దగ్గరే. కాబట్టి 825 లెక్కన ప్లాన్ చేసుకోకు, 667 లెక్కన చేసుకో. ఈ రోజుల్లో పెద్ద గేమ్ ఒక్కొక్కటి వంద జీబీ తింటోంది. కాల్ ఆఫ్ డ్యూటీ అన్ని భాగాలతో కలిపి పెడితే రెండు వందలు కూడా దాటింది. ఆ లెక్కన నీ కన్సోల్‌లో ఆరు పెద్ద గేమ్‌లు పడతాయి, అంతే. అది నీ తప్పు కాదు.

గేమ్‌లు ఇంత పెద్దవి ఎందుకని నువ్వు అడిగావు చూడు, దానికో విషయం చెప్పాలి. 2020 మార్చిలో పీఎస్5 డిజైనర్ మార్క్ సర్నీ ఒక ప్రసంగంలో చెప్పాడు: పీఎస్4 స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో కొన్ని వస్తువుల డేటా హార్డ్ డిస్క్ మీద నాలుగు వందల సార్లు రాసి ఉందట. పాత డిస్క్ తిరుగుతూ వెతుక్కోవాలి, ఆలస్యమవుతుంది. అందుకని ప్రతి వీధి డేటా పక్కనే ఆ వస్తువుల కాపీ పెట్టేసేవాళ్లు. పీఎస్5లో ఉన్న ఎస్ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేని స్టోరేజ్) వెతకడానికి టైమ్ పట్టదు కాబట్టి ఆ కాపీల అవసరం తగ్గింది. కానీ అలా మిగిలిన చోటుని 4కే బొమ్మలూ, పది భాషల ఆడియోలూ నింపేశాయి. అందుకే కన్సోల్ మారినా ఇంట్లో ఇరుకు తీరలేదు.

సరే, పని మొదలుపెడదాం. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, అందులో కన్సోల్ స్టోరేజ్ తెరువు. నాలుగు భాగాలు కనిపిస్తాయి: గేమ్‌లూ యాప్‌లూ, మీడియా గ్యాలరీ, సేవ్డ్ డేటా, అదర్. అదర్ జోలికి నువ్వు పోలేవు, దాన్ని వదిలెయ్. సేవ్డ్ డేటా ఎంత చిన్నగా ఉందో ఒకసారి నీ కళ్లతో చూసుకో, ఇక ఎప్పుడూ దాన్ని ముట్టుకోవాలనిపించదు.

నేనైతే ముందు మీడియా గ్యాలరీకి వెళ్తాను. ఆటలో ఏదైనా సాధించి ట్రోఫీ వచ్చిన ప్రతిసారీ కన్సోల్ నీకు చెప్పకుండానే చిన్న వీడియో తీసి దాచిపెడుతుంది. ఏళ్ల తరబడి అలా పేరుకుపోయినవి మా ఇంట్లో కొన్ని జీబీలు తేలాయి. నీకూ చెల్లికీ కావాల్సినవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని మిగతావి తీసెయ్. తర్వాత సెట్టింగ్స్‌లో క్యాప్చర్స్ అండ్ బ్రాడ్‌కాస్ట్స్‌కి వెళ్లి ట్రోఫీ వీడియోలు ఆపెయ్. చెల్లి వీడియోలు చెల్లి లాగిన్‌లో తనే చూసుకుని తీయాలి. నువ్వు కాదు.

తర్వాత గేమ్‌లు. లిస్టులో ఒకే గేమ్ రెండుసార్లు ఉందేమో చూడు. పీఎస్4 వెర్షన్, పీఎస్5 వెర్షన్ రెండూ పక్కపక్కనే కూర్చుని ఉండటం చాలా ఇళ్లలో చూశాను. పీఎస్4ది తీసేసే ముందు ఒక్క జాగ్రత్త: రెండింటి సేవ్‌లూ వేరు. పాత సేవ్‌ని కొత్త దాంట్లోకి తెచ్చుకునే వీలు ఆ గేమ్‌లో ఉందో లేదో చూసుకుని, తెచ్చుకున్నాకే తీసెయ్. ఇంకొకటి, కొన్ని గేమ్‌లకి ఆప్షన్స్ బటన్ నొక్కితే "మేనేజ్ గేమ్ కంటెంట్" అని వస్తుంది. కథ పూర్తి చేసేసి ఆన్‌లైన్ ఒక్కటే ఆడుతుంటే, కథ భాగం ఒక్కటే తీసేయొచ్చు.

డిస్క్ మీద కొన్న గేమ్‌ల గురించి నీకో అపోహ ఉంది. డిస్క్ ఉంది కదా, చోటు ఎందుకు తినాలి అన్నావు. డిస్క్ పెట్టినా గేమ్ మొత్తం కన్సోల్‌లోకి ఎక్కాల్సిందే. ఆడేటప్పుడు డిస్క్ నీ హక్కు చూపించడానికే. కానీ డిస్క్ గేమ్‌లని ముందు తీసేయడంలో లాభం ఉంది. మళ్లీ కావాలంటే డిస్క్ నుంచే ఎక్కుతుంది, అప్‌డేట్లు మాత్రం దించుకోవాలి. డౌన్‌లోడ్ గేమ్ అయితే మొత్తం నెట్ మీదే రావాలి. మీ ఇంటి 50 ఎంబీపీఎస్ నెట్ పూర్తి స్పీడ్ ఇచ్చినా 100 జీబీకి నాలుగున్నర గంటలు పడుతుంది, ఆపైన మీ నాన్నగారి ఆఫీసు కాల్స్ ఆగిపోతాయి. కాబట్టి గేమ్ తీసేయడానికి భయపడక్కర్లేదు గానీ, వచ్చే వారం మళ్లీ ఆడతాననుకున్నదాన్ని తీయకు. గేమ్ డిలీట్ చేసినా దాని సేవ్ కన్సోల్‌లోనే ఉంటుంది.

పాత హార్డ్ డిస్క్ తగిలించొచ్చా అని అడిగావు. తగిలించు, మంచిదే. 250 జీబీ నుంచి 8 టీబీ దాకా యూఎస్‌బీ డ్రైవ్ తీసుకుంటుంది, యూఎస్‌బీ 3.0 అయ్యుండాలి, హబ్ మధ్యలో లేకుండా నేరుగా పెట్టాలి. అది అటక లాంటిదని గుర్తుపెట్టుకో. పీఎస్5 గేమ్‌లని అక్కడ దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేవు. అటక మీది గుండిగ కిందికి దించితేనే కదా వంటకి పనికొచ్చేది. పీఎస్4 గేమ్‌లు మాత్రం అక్కడే ఉండి ఆడుకోవచ్చు, కాబట్టి ముందు వాటినన్నిటినీ అక్కడికి పంపెయ్. ఎనభై జీబీ గేమ్‌ని అటకెక్కించడం, దించడం పావుగంట, అరగంట పని. నెట్ నుంచి మళ్లీ దించుకోవడం కంటే చాలా నయం.

కానీ ఒక్కమాట. ఆ డ్రైవ్‌ని కన్సోల్ మొదట ఫార్మాట్ చేస్తుంది, అందులో ఉన్నదంతా పోతుంది. మీ ఇంట్లో ఖాళీగా ఉన్న హార్డ్ డిస్క్ అంటే మీ అమ్మ బీరువాలో పెట్టుకున్నదే కదా? అందులో మీ అమ్మానాన్నల పెళ్లి వీడియో ఉంది, క్యాసెట్ నుంచి ఎక్కించింది నేనే. దాన్ని ముట్టుకోకు, వేరేది కొనుక్కో.

కొంచెం డబ్బు పెట్టగలిగితే అసలు పరిష్కారం లోపల పెట్టే ఎం.2 ఎస్ఎస్‌డీ (సన్నని పట్టీ ఆకారంలో ఉండేది). 2021 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి అది పని చేస్తోంది, ఇప్పుడు 8 టీబీ దాకా తీసుకుంటుంది. అందులో పెట్టిన పీఎస్5 గేమ్‌లు అక్కడి నుంచే ఆడొచ్చు. కొనేటప్పుడు షాపువాడు ఏది చూపిస్తే అది తెచ్చుకోకు. జెన్4 ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం అయ్యుండాలి, రీడ్ స్పీడ్ సెకనుకి 5,500 ఎంబీ లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, మీద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు పలక) ఉండాలి. హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటితే మూత పట్టదు. సాటా ఎం.2 అని నెమ్మది రకం ఒకటి అదే ఆకారంలో చవకగా దొరుకుతుంది, అది పనికిరాదు. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన జెన్3 (జెన్4కి ముందు తరం) కూడా అంతే. బిగించడం కష్టమేం కాదు: పక్క మూత జరిపి తీయాలి, స్లాట్ మీద ఒక్క స్క్రూ, లోపల చిన్న స్పేసర్ ఉంటుంది. దాన్ని ఎస్ఎస్‌డీ పొడవుకి సరిపడే రంధ్రంలో పెట్టి, ఎస్ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి, నెమ్మదిగా వంచి బిగించాలి. ఆ స్పేసర్ వేలి గోరంత ఉంటుంది, కింద పడితే దొరకదు. అందుకే కింద తెల్ల దుప్పటి పరిచి చేస్తాను.

సేవ్‌ల సంగతి ఇంకా మిగిలింది. పీఎస్ ప్లస్ (ప్లేస్టేషన్ ఆన్‌లైన్ సేవ) చందా ఉంటే క్లౌడ్‌లో పీఎస్5 సేవ్‌లకి 100 జీబీ ఇస్తారు, పీఎస్4 సేవ్‌లకి వేరే 100 జీబీ. చందా ఆపాలనుకుంటే ఆపే ముందే అన్నీ కన్సోల్‌లోకి దించుకో. చందా లేకపోతే పీఎస్4 సేవ్‌లని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు, పీఎస్5 సేవ్‌లని అలా ఒక్కొక్కటిగా తీయలేం. అప్పుడు సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బ్యాకప్ ఒక్కటే దారి. చెల్లికి చందా లేదు కదా, తన సేవ్‌లు ఆ కన్సోల్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

కన్సోల్ నెమ్మదించిందని, ఖాళీ చేశాక కూడా లెక్క తేడాగా చూపిస్తోందని అనిపిస్తే సేఫ్ మోడ్ ఉంది. కట్టేసి ఉన్నప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టు, రెండో బీప్ వినగానే వదులు, కంట్రోలర్‌ని కేబుల్‌తో కలుపు. తెర మీద వచ్చే మెనూలో అయిదో నంబర్ క్యాష్ (తాత్కాలిక ఫైళ్లు) తీసి డేటాబేస్‌ని మళ్లీ కట్టేది. ఆరో నంబర్ రీసెట్, దాంతో అంతా తుడిచిపెట్టుకుపోతుంది. రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి, వేలు జారకూడదు. నొక్కే ముందు పైకి చదువు, నంబర్‌తో సహా.

ఇవాళ సాయంత్రం మీడియా గ్యాలరీ ఖాళీ చేసి, రెండు వెర్షన్లు ఉన్న గేమ్‌లు ఎన్నో రాసి పంపు. ఎస్ఎస్‌డీ కొనాలనుకుంటే కొనే ముందు దాని ఫొటో నాకు పెట్టు. దసరాకి వస్తున్నాను కదా, చిన్న స్క్రూడ్రైవర్, తెల్ల దుప్పటి నేనే తెస్తాను. చెల్లిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని బిగిద్దాం.

మీ అత్త