మిద్దె తోట ప్రశ్నోత్తరాలు: కుండీలకు ఏ మట్టి?

ప్రశ్న: డాబా మీద 20 లీటర్ల గ్రో బ్యాగుల్లో టమాటా, వంగ, మిరప వేశాము. పొలం నుంచి తెప్పించిన నల్లరేగడి మట్టిలో సగానికి సగం పశువుల ఎరువు కలిపి నింపాము. మొక్కలు మొదట ఏపుగా లేచినా, నెల తిరగక ముందే ఆకుల అంచులు మాడి ఎదుగుదల ఆగిపోయింది. నీరు పోస్తే పైనే నిలుస్తోంది. ఎండితే మట్టి బీటలు వారి బ్యాగు అంచును వదిలేస్తోంది. పోసేది బోరు నీరే. బజారులో అమ్మే రెడీమేడ్ మిశ్రమం కొనడం మంచిదా, ఇంట్లో కలుపుకోవడం మంచిదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ బ్యాగుల్లో ఒక ఇబ్బంది మట్టి వల్ల, మరొకటి నీటి వల్ల వస్తున్నట్టు తోస్తోంది. మట్టి మార్చి నీటి సంగతి వదిలేస్తే వచ్చే పంటకూ ఆకులు మాడుతాయి కాబట్టి రెండింటినీ కలిపే చూడాలి.

నల్లరేగడి శనగకు, పొగాకుకు పెట్టింది పేరు. అయితే పొలంలో నీరు అడుగుల లోతుకు దిగిపోతుంది. బ్యాగులో అడుగు దాటాక దిగడానికి చోటే ఉండదు. ఎన్ని రంధ్రాలు పెట్టినా, అడుగున కొంత మేర మట్టి నీటితో నిండి ముద్దగా ఉండిపోతుంది. రేణువులు ఎంత సన్ననివైతే ఆ ముద్ద అంత ఎత్తుకు నిలుస్తుంది, అందులో చిక్కుకున్న వేళ్లకు గాలి అందక కుళ్లిపోతాయి. పైగా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అంచున ఏర్పడిన సందులోంచి నీరు నేరుగా కిందికి జారి బయటకు వస్తుంటే మొక్కకు సరిపడా అందిందని మనం అనుకుంటాము, కానీ నడిమి వేరుముద్ద పొడిగానే ఉంటుంది.

దీనికి విరుగుడని చాలామంది అడుగున రెండంగుళాల మేర ఇటుక ముక్కలు పరుస్తారు. నా దృష్టిలో అది వృథా శ్రమ. సన్నటి మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద సందుల్లోకి సులువుగా దిగదు. ముద్దగా ఉండే భాగం రెండంగుళాలు పైకి జరుగుతుంది, వేళ్లకు చోటు తగ్గుతుంది. మట్టి జారకుండా రంధ్రం మీద ఒక పెంకు ముక్క పెడితే చాలు. మార్చవలసింది మిశ్రమాన్నే.

కూరగాయలకు నేను సూచించేది ఇది: మూడు బక్కెట్ల ఎర్రమట్టి, మూడు బక్కెట్ల నానబెట్టి కడిగిన కొబ్బరి పొట్టు, మూడు బక్కెట్ల బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, ఒక బక్కెట్టు వరి ఊక. 20 లీటర్ల బ్యాగు ఒక్కొక్కదానికి గుప్పెడు వేపపిండి కలపాలి. కనిగిరి, పొదిలి వైపు నుంచి ఎర్రమట్టి తెప్పించుకోవడం ఒంగోలు వారికి పెద్ద కష్టం కాదు. ఆ వీలు లేక నల్లరేగడే వాడవలసి వస్తే ఒక బక్కెట్టుకు మించకుండా వేసి, తక్కిన రెండు బక్కెట్లకు బదులు ముతక ఇసుక, ఊక పెంచండి. ఊక అంటే మిల్లులో ఊరికే ఇచ్చే బాయిలరు బూడిద కాదు. ఆ బూడిదకు క్షారగుణం ఎక్కువ, ఇప్పటికే క్షారత ఉన్న నల్లమట్టిలో దాన్ని కలిపితే మొక్కకు ఇనుము, జింకు అందక లేత ఆకులు పచ్చదనం కోల్పోతాయి.

కొబ్బరి పొట్టు విషయంలో తొందరపడకూడదు. ఐదు కిలోల దిమ్మె నీటిలో ఉబ్బి సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది, అంటే పది బ్యాగులకు సరిపోతుంది. కానీ అందులో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. దిమ్మెను పెద్ద తొట్టిలో రాత్రంతా నానబెట్టి, పొట్టును గుడ్డ సంచిలోకి ఎత్తి పిండితే మొదట టీ డికాషన్ రంగు నీరు కారుతుంది. ఆ నీటిని పారబోసి, రంగు బాగా పలచబడే దాకా మంచి నీటితో మళ్లీ మళ్లీ కడగాలి. ఉప్పు బోరు నీటితో కడిగితే కడిగిన ఫలితం దక్కదు.

అన్నీ కలిపి తడిపాక గుప్పెడు మిశ్రమాన్ని గట్టిగా పిడికిట పట్టి చూడండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. పిడికిలి తెరిచాక ఉండగా నిలిచి, వేలితో తాకితే విడిపోవాలి. ధారగా నీరు కారితే ఊక గానీ ముతక ఇసుక గానీ ఇంకొంత కలపాలి.

పశువుల ఎరువు మీరు సగం పాళ్లు వేశారు. అది పూర్తిగా మాగకపోతే వేడి పుట్టి, అమ్మోనియా వెలువడి వేళ్లను మాడుస్తుంది. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, తొలకరి మట్టి వాసన ఉంటుంది. పది కిలోల ఎరువుకు కిలో వేపపిండి, 100 నుంచి 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రపు పొడి) కలిపి, తడి గోనె కప్పి వారం పది రోజులు నీడన ఉంచి వాడితే వేరుకుళ్లు బెడద తగ్గుతుంది. పొగాకు పండే మన ఒంగోలు ప్రాంతం వారికి ఇంకొక మాట: పొగాకు కాడలను, పొడిని కుండీల ఎరువులో కలపవద్దు. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన కాడల్లోనూ బతికి ఉండి, అదే కుటుంబానికి చెందిన టమాటాకు, మిరపకు సోకుతుంది.

ఇక నీరు. ఆకుల అంచులు మాడటం, బ్యాగు అంచున తెల్లటి పొర కట్టడం ఉప్పు పేరుకుంటోందనడానికి గుర్తులు. వాటర్ ప్యూరిఫయర్ బాగుచేసే వారి దగ్గర టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచే పరికరం) ఉంటుంది. మీ బోరు నీటిని ఒకసారి చూపించండి. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే భయం లేదు, 2,000 దాటితే ఆ నీటితో కుండీల సాగు మానుకోవడమే మేలు. నడుమ ఉంటే, బ్యాగు అడుగు నుంచి ఐదో వంతు బయటకు కారిపోయేలా పోసి ఉప్పును కడిగేయాలి. కారిన నీటిని పళ్లెంలో నిలవనివ్వకూడదు. కుళాయి నీరు వచ్చే రోజుల్లో వీలైతే దాన్నే పోయండి. ఆర్వో యంత్రం వదిలేసే నీటిని వృథా చేయడం ఇష్టం లేక మొక్కలకు పోసేవారు ఉన్నారు; అందులో ఉప్పు మూల నీటికన్నా ఎక్కువ కాబట్టి గిన్నెలకు, గచ్చుకు వాడుకోండి. నీరు మారే అవకాశమే లేకపోతే, ఉప్పుకు తొందరగా లొంగే బీన్స్ జోలికి పోకుండా గోరుచిక్కుడు, బీట్‌రూట్, గంగవాయిలి కూర వేసి చూడండి.

రెడీమేడ్ మిశ్రమం నారు పోసుకోవడానికి, రెండు మూడు కుండీలకు సరే. అంతకు మించితే ఖర్చు దండగ. కొనే ముందు సంచి ఎత్తి చూడండి. బరువు తూగితే అందులో ఉన్నది ఎక్కువగా మట్టే. డాబాకు బరువు కూడా లెక్కే: 20 లీటర్ల బ్యాగు నిండా తడి మట్టి 30 కిలోలు దాటుతుంది, పై మిశ్రమం అంతకన్నా బాగా తేలిక.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఇసుకకు కొదవ లేదు, పక్కనే రొయ్యల చెరువుల పూడిక మట్టి కూడా దొరుకుతుంది. వీటిని కుండీల్లో వాడవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: రెండూ వద్దు. తీరపు ఇసుకలో ఉప్పుతో పాటు గవ్వల సున్నం ఉంటుంది. రొయ్యల చెరువు అడుగు మట్టి నల్లగా సారవంతంగా కనిపించినా అందులో సోడియం పేరుకుని ఉంటుంది. పెన్నా ముతక ఇసుక దొరికితే కడిగి వాడండి. వరి పొలాలకు నీరిచ్చే ఊరి చెరువు పూడిక మట్టి అయితే ఎర్రమట్టిలో కొద్దిగా కలపవచ్చు.

ప్రశ్న: వానలు వెలిశాక పాత కుండీల మట్టి పారేసి కొత్తది నింపాలా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: పారేయనవసరం లేదు. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య రుతుపవన వర్షం కుండీల్లోని ఉప్పును ఖర్చు లేకుండా కడిగిపెడుతుంది, అయితే దాంతో పాటు నత్రజనినీ తీసుకుపోతుంది. అందుకని మట్టి దిగిపోయిన మేరకు, సుమారు నాలుగో వంతు, కొత్త కంపోస్టు కలిపి మళ్లీ నాటుకోండి. పీకిన మొక్క వేళ్ల మీద బుడిపెలు కనిపిస్తే మాత్రం అది నులిపురుగుల పని. ఆ మట్టిని వెంటనే వాడకుండా విడిగా ఉంచి, ఏప్రిల్, మే నెలల్లో తడిపి, పలచగా పరిచి, పారదర్శక పాలిథిన్ షీటు కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచాలి. టమాటా తీసిన కుండీలో వెంటనే వంగ గానీ మిరప గానీ వేయకుండా, ఒక పంట కాలం తోటకూర లేదా గోంగూర చల్లుకోండి.