స్కాటరింగ్ (కాంతి చెదరడం) ఎక్కువగా ఉన్న శాంపిల్‌కి పోలరైజర్లు పెడితే గ్రాఫ్ సరళరేఖ అవుతుందా?

పాలీస్టైరీన్ రేణువులున్న తెల్లటి ద్రావణంలో డై పెంచుతూ పోతే అబ్జార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే కొలత) గ్రాఫ్ వంగిపోతోంది, రెండు పోలరైజర్లతో, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పంపే వడపోతలతో, అది సరవుతుందా అని కదా మీరు అడిగింది. అవుతుందండి. నాకు మాత్రం మూడు వారాలు తప్పుడు రీడింగులు తీశాక అయింది.

డై ఎంత పెరిగితే అబ్జార్బెన్స్ అంత పెరుగుతుందనేది బీర్-లాంబర్ట్ నియమం. కాంతి నడిచే దూరం మారకపోతేనే అది పనిచేస్తుంది. రేణువుల మధ్య పడి తిరిగే ఫోటాన్లది ఒక్కోదానిది ఒక్కో దారి. డై పెరిగేకొద్దీ ఎక్కువ తిరిగినవి ముందు శోషణకి గురవుతాయి, దగ్గరిదారిన వచ్చినవే మిగులుతాయి. వంపు అక్కడిదే.

ఒకటి రెండుసార్లే చెదిరిన కాంతి తన ధ్రువణాన్ని (కంపించే దిశని) చాలావరకు నిలుపుకుంటుంది. పదేపదే చెదిరింది దాన్ని పోగొట్టుకుని, సమాంతరంగా ఉన్న అనలైజర్లోకి (శాంపిల్ తర్వాత పెట్టే రెండో పోలరైజర్) సగం, అడ్డంగా తిప్పినప్పుడు సగం వస్తుంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే ఆ గుంపంతా రద్దయి, పైపైన తిరిగొచ్చిన కాంతి మిగులుతుంది. ఈ తీసివేత ఇంటెన్సిటీల మీద చేయాలి. లాగ్ ఆ తర్వాతే.

ఇక నా తప్పు. డై అస్సలు లేని శాంపిల్లో కూడా తేడా స్పెక్ట్రంలో ఒక చిన్న గుబ్బ కనిపించేది. రేణువుల మీద అనుమానం, కువెట్ (ద్రావణం పోసే చిన్న పాత్ర) మీద అనుమానం, చివరికి నా మీదే అనుమానం. విసిగిపోయి ముందున్న పోలరైజర్ తీసేసి, తెల్ల రిఫరెన్స్ పలక పెట్టి, అనలైజర్ ఒక్కటే తిప్పి చూశాను. రెండు స్పెక్ట్రాలూ ఒకదానిమీద ఒకటి పడాలి కదా, పడలేదు. స్పెక్ట్రోమీటర్లోని గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే సన్నగీతల పలక) రెండు ధ్రువణాలనీ ఒకేలా పంపదు, ఆ తేడా తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది. గ్రేటింగ్ స్పెక్ట్రాల్లో ఇలాంటి హఠాత్తు మార్పుల్ని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1902లోనే రాశాడు, నేనే ఆలస్యంగా మేల్కొన్నాను. ఆ తర్వాత అనలైజర్‌ని కదలకుండా బిగించి, దీపం వైపున్న పోలరైజర్‌ని తిప్పడం మొదలుపెట్టాను. గుబ్బ పోయింది. అయితే దీపం కాంతి రెండు దిశల్లోనూ సమానంగా ఉందో లేదో తెల్ల పలకతో చూసుకోవాలి.

కువెట్ గాజు మీంచి నేరుగా వచ్చే మెరుపు కూడా ధ్రువణం కోల్పోదు, కాబట్టి తీసివేతలో పోదు. కువెట్‌ని కాస్త వంచి ఆ మెరుపు లెన్సులో పడకుండా చూడండి. ప్లాస్టిక్ కువెట్ వద్దు: అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్ల మధ్య దాన్ని పట్టుకుంటే రంగురంగుల చారలు కనిపిస్తాయి, ధ్రువణాన్ని అది ఎంత పాడుచేస్తుందో అర్థమవుతుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే మామూలు షీట్ పోలరైజర్ల బదులు వైర్ గ్రిడ్ (సన్నటి లోహపు తీగలతో చేసిన పోలరైజర్) తీసుకోండి.

నాయిస్ సంగతి మర్చిపోకండి. సమాంతరంగా 54, అడ్డంగా 46 వచ్చాయనుకోండి, మీకు మిగిలేది 8. ఒక్కో రీడింగులో 0.5 అనిశ్చితి ఉంటే తేడాలో 0.7, అంటే దాదాపు 9 శాతం. రీడింగులు ఎక్కువ తీసి సగటు చేయక తప్పదు.

డై శోషణ మరీ బలహీనంగా ఉంటే ఈ పద్ధతి జోలికి వెళ్లకండి. పైపైన తిరిగొచ్చే కాంతి నడిచే దూరం చాలా తక్కువ, శోషణ నాయిస్‌లోనే కలిసిపోతుంది. అప్పుడు చెదిరిన కాంతినంతా పోగుచేసే బోలు గోళం, ఇంటిగ్రేటింగ్ స్ఫియరే మేలు.