‘మా ఇంటికి పోత’ అంటుంది అత్తమ్మ

ప్రశ్న: మా అత్తమ్మకు 78 ఏళ్లు. మతిమరుపు జబ్బని రెండేళ్ల కింద డాక్టర్ చెప్పారు. సాయంత్రం ఐదయిందంటే చాలు, రెండు చీరలు మూట కట్టుకుని గేటు పట్టుకుని ‘మా ఇంటికి పోత, పంపియ్యి’ అని నిలబడుతుంది. ఇది మీ ఇల్లే అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. కరీంనగర్ నుంచి ఆడబిడ్డ నెలకోసారి వచ్చి, బత్తాయిలు టేబుల్ మీద పెట్టి, ‘అమ్మ చిక్కిపోయింది, తిండి సరిగ్గా పెడుతున్నవా వదినా’ అని పోతుంది. మావారు ఏమీ మాట్లాడరు. మొన్న అత్తమ్మ మీద చెయ్యి లేపబోయి ఆగాను. ఆ రాత్రంతా ఏడ్చాను.
– ఒక కోడలు, హనుమకొండ

జవాబు: చెయ్యి ఆగింది కదమ్మా, ఏడుపు చాలు. అయితే అక్కడిదాకా వచ్చిందంటే మీరు బాగా అలిసిపోయారు, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

ఈ జబ్బున్న చాలామందికి పొద్దుగూకే వేళ అయోమయం పెరుగుతుంది, మీ మీద కోపంతో చేసేది కాదు. ఇక వాదన అంటారా, ఆమె అడిగే ఇల్లు బహుశా చిన్నప్పటి తల్లిగారిల్లు, హనుమకొండలో మీరెక్కడ చూపిస్తారు? ‘మీ ఇంటికాడ బర్లుండేవా, బతుకమ్మ ఎక్కడ ఆడేటోళ్లు’ అని అడుగుతూ వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి. చీకటి పడకముందే లైట్లు వేయండి, మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోనివ్వకండి. ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లోనే గందరగోళం బాగా పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు, డాక్టర్‌కు చూపించాలి.

మావారు మాట్లాడరు అన్నారు చూడండి, నాకు అసలు కోపం వచ్చింది అక్కడే. తల్లి ఆయనకు కదా! 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో పిల్లలంటే ఎవరో రాశారు: కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు అందులో లేదు. కేసులు పెట్టమని కాదు, చాకిరీ అంతా మీదే అన్నట్టు నడుస్తోందే, అందుకని చెప్పాను. ‘కొంచెం సాయం చేయండి’ అంటే ఎవరూ కదలరు. ఆదివారం స్నానం, మందులు, సాయంత్రం గేటు దగ్గర కాపలా మీవి అని మీవారికి పని, రోజు చెప్పి అప్పగించి, మీరు చెల్లెలింటికో గుడికో వెళ్లిపోండి. మళ్లీ చెయ్యి లేచేంత కోపమొస్తే పక్క గదిలోకి వెళ్లి 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల విషయాలకు 14567 ఉంది.

ఈసారి ఆడబిడ్డ వస్తే బత్తాయిలు తీసుకుని, రాత్రికి ఉండి పొమ్మనండి. ఐదింటికి ఆ మూట ఆమెనూ ఒకసారి విప్పనీయండి.