తమ్ముడి కొట్టు, అన్నగారి పద్దు

ప్రశ్న (కుదించినది): మాది బరంపురం. బెంగుళూరులో స్టార్టప్ కంపెనీలకు పెట్టుబడులు సమకూర్చే ఫండులో పనిచేస్తున్నాను. మా తమ్ముడి పట్టుచీరల కొట్టుకు 12 లక్షలు ఇచ్చాను. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. గత ఠాకురాణి యాత్రకు, అంటే మా ఊరి అమ్మవారి జాతరకు, వెళ్ళినప్పుడు, చుట్టాల భోజనాలకు వాడు గల్లాపెట్టెలోంచి డబ్బు తీశాడని తెలిసి, ఏ పద్దు కింద రాశావని పంక్తిలోనే అడిగాను. వారం తిరక్కుండా 2 లక్షలు నా ఖాతాలో వేసి, మాట్లాడటం మానేశాడు. ఊళ్ళో పదిమంది విద్యార్థులకు డిగ్రీ ఫీజులు కడుతున్నాను. మూడు నెలలకోసారి మార్కులు పంపమన్నందుకు ఒక అమ్మాయి సాయమే వద్దంది. ఇవ్వడం మానేయాలా?

జవాబు: మానవద్దు. మీ పూర్తి ఉత్తరంలో 12 లక్షల మాట నాలుగు చోట్ల ఉంది. అమ్మగారు మాత్రం “తిన్నావా” అని అడిగి వెంటనే ఫోను మనుమడి చేతికి ఇచ్చేస్తున్నారన్న సంగతి చివరి పేజీ అంచున కనబడింది. ఉత్తరం అక్కడ మొదలుపెట్టవలసింది.

మీ వృత్తిలో పది కంపెనీలకు డబ్బిస్తే చాలావరకు మునుగుతాయని, గట్టెక్కిన ఒకటో రెండో మిగతా నష్టాన్ని పూడుస్తాయని తెలిసే దిగుతారు. మునిగినదాన్ని కొట్టివేసి ముందుకు పోతారు. తమ్ముణ్ణి అలా కొట్టివేయలేరు గనుకే ఇంత ఉత్తరం రాశారు. అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వచ్చి ఉండే ఆ రోజుల్లో గడపలోకి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టడం మీ అమ్మగారికి పరువు, మీరు రాని ఏళ్ళలోనూ దాన్ని మోసినవాడు మీ తమ్ముడు. కొట్టు డబ్బు, ఇంటి డబ్బు కలపకూడదన్న మీ మాట సరైనదే అయినా, విస్తళ్ళ ముందు అనడంతో అది లెక్క కాకుండా అవమానమైంది.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ 12 లక్షలు అప్పో, వాటాయో, కానుకో మీరిద్దరూ ఎన్నడూ తేల్చుకోలేదు. పరాయి కంపెనీకి కాగితం లేకుండా రూపాయి ఇవ్వని మీరు ఇంట్లో మాత్రం మొహమాటపడ్డారు. ఇప్పుడు తేల్చండి. అప్పయితే గడువు రాసుకుని, అంతవరకు అడగకండి. కానుకైతే ఆ మాట కాగితం మీద పెట్టండి. అన్నదమ్ముల మధ్య కానుకకు ఆదాయపు పన్ను లేదు, ఆపైన కొట్టు లెక్క అడిగే హక్కూ మీకు ఉండదు. నా ఓటు కానుకకే.

ఇక ఆ అమ్మాయి సంగతి. కంపెనీలో పెట్టిన డబ్బు కోసం ఏడెనిమిదేళ్ళు ఓపిక పట్టే మనిషి, పద్దెనిమిదేళ్ళ పిల్లను మూడు నెలలకోసారి ఫలితం చూపమనడం నాకు విచిత్రంగా తోచింది. మీ పక్క జిల్లాలోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. మీరు కనీసం ఆమె ఎందుకు వద్దన్నదో అడిగారా? డిగ్రీ అయ్యేవరకు ఫీజు నేరుగా కళాశాలకు కట్టేయండి, మార్కుల ఊసు ఎత్తకండి.

సెలవు దొరకగానే ఒక్కరే బరంపురం వెళ్ళండి. తమ్ముడు పంపిన 2 లక్షలు మాత్రం తిరిగి పంపకండి, అది రెండో అవమానమవుతుంది. అందిందని చెప్పి, ఆ రోజు పంక్తిలో అన్న మాట తప్పని మరదలు కూడా వినేలా ఒప్పుకోండి.