వీడియోలకు తాళం కొనాలనుకుంటున్న మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ వీణ పాఠాల వీడియోలు ఎవరూ కాపీ కొట్టకుండా సాఫ్ట్‌వేర్ కొంటానని, దానికి ఏటా డబ్బు కట్టాలని రాశావు. కొనకు నాన్నా.

శిష్యుడు పాఠం చూడాలంటే అది అతని ఫోన్‌లో విచ్చుకోవాలి కదా. అంటే తాళం వేసిన పెట్టెతో పాటు తాళంచెవి కూడా అతనికే ఇస్తున్నావు. ఆ చెవిని అతనికి తెలియకుండా దాచడమే ఈ సాఫ్ట్‌వేర్ల పనంతా. హాలీవుడ్ కంపెనీలకే అది చేతకాలేదు. డీవీడీలకు సీఎస్ఎస్ అని 40 బిట్ల తాళం వేశారు. 1999లో అది విప్పే ప్రోగ్రామ్ నెట్‌లోకి వచ్చేసింది. దాని వెనక ఉన్నవాళ్లలో యోన్ యోహాన్సెన్ అనే నార్వే కుర్రాడికి అప్పటికి 15 ఏళ్లు. కేసు పెట్టారు, 2003లో అక్కడి కోర్టులు నిర్దోషి అన్నాయి. తర్వాత ప్లేయర్ నుంచి టీవీకి బొమ్మను తీసుకెళ్లే తీగ మీద కాపీ చేయకుండా వేసిన హెచ్‌డీసీపీ అనే తాళం అసలు కీ కూడా 2010లో బయటపడింది.

నాకు బాగా కోపం తెప్పించింది మాత్రం 2005 నాటి సోనీ బీఎంజీ అనే పాటల కంపెనీ సంగతి. డబ్బు పెట్టి సీడీ కొన్నవాళ్ల కంప్యూటర్లలోకి, వాళ్లకు చెప్పకుండా, కంటికి కనబడని ప్రోగ్రామ్ ఎక్కించారు. దాని చాటున వైరస్‌లు కూడా దాక్కోగలిగాయి. మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు బయటపెట్టాక ఆ సీడీలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దొంగ కాపీ దించుకున్నవాడికి ఈ బాధేమీ లేదు, చూశావా! రేపు నీ దగ్గరా అంతే. ఫోన్ మార్చిన ప్రతిసారీ పాఠం తెరుచుకోక నీకు ఫోన్ చేసేది ఫీజు కట్టినవాళ్లే.

2009లో ఆపిల్ తన ఐట్యూన్స్ అనే నెట్ దుకాణంలోని పాటలన్నిటినీ తాళాలు లేకుండా అమ్మడం మొదలుపెట్టింది. ఆ దుకాణమేమీ మూతపడలేదు.

ఆ డబ్బుతో మంచి మైక్ కొనుక్కో. ఇప్పుడు నీ మంద్ర తీగ సరిగా వినబడటం లేదు. ఫీజు తగ్గించు, యూపీఐతో రెండు నిమిషాల్లో కట్టేలా చూడు. ఆదివారం పూట లైవ్‌లో కూర్చుని శిష్యుల వేళ్లు చూసి దిద్దు, దాన్ని ఎవరూ కాపీ చేయలేరు. ఎవరైనా నీ వీడియోలు యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ ఫిర్యాదు చేసి తీయించు.

ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, తెర ముందు ఇంకో ఫోన్ పెట్టి వీడియో తీస్తే ఎలా ఆపుతారో అడుగు. ఏం చెప్పారో నాకు రాయి.

మీ పెదనాన్న